జీడి నోట్లోకెలా వెళ్తుంది?

జీడిపిక్కలు వేపుతున్న ఘాటు ముక్కుకు తగిలితే ఇప్పటికీ నా చెయ్యి పెదవుల మీదికి పోతుంది. నిన్న పలాసలో బస్సు దిగగానే అదే జరిగింది. పెదవులు బాగానే ఉన్నాయి. నవ్వొచ్చింది, వెంటనే పారమ్మత్త గుర్తొచ్చింది.

ఆవిడ మాకు చుట్టం కాదు. పిక్కల ఫ్యాక్టరీలో నా పక్క పీట ఆవిడది. పిక్క కొడితే పెంకులోంచి కారే జీడి నూనె అంటి చేతులు పొక్కడం మాకు జలుబు చేసినంత మామూలు. ఆముదం రాసుకుని మళ్ళీ పనిలో కూర్చుంటాం. అందుకే ఒక ఏడు నాకు జ్వరం వచ్చి ఒళ్ళంతా ఎర్రటి దద్దుర్లు లేచినప్పుడు, మా అమ్మతో సహా అందరూ జీడి పడలేదని తేల్చేశారు. నేనూ ఊఁ అన్నాను. మనసు అదుపు తప్పుతోందని అప్పటికి మూడు వారాలుగా కొత్త మాత్రలు మింగుతున్నాను. ఆ సంగతి తెలిస్తే పిచ్చిదంటారని నా భయం. చస్తే చచ్చాను గానీ ఆ మాట బయటికి రాకూడదనుకున్నాను. అంత మొండిదాన్ని.

మర్నాడు పారమ్మత్త ఇంటికొచ్చి నా గెడ్డం పట్టుకుంది.

"నోరు తెరు, సూత్తాను."

లోపలంతా పుళ్ళు. కళ్ళు చింతనిప్పులు.

"నలబై ఏళ్ళ బట్టి పిక్కలు కొడతన్నాను. జీడి సేతుల్ని పొక్కిత్తాది గానీ నోట్లోకెలా ఎల్తాదే? ఏటి మింగుతన్నావో సెప్పు."

నేను గెడ్డం విడిపించుకుని దుప్పటి ముసుగేసుకున్నాను.

"టీ తాగినప్పుడల్లా గోడవైపు తిరిగి ఏసుకుంతన్నావు గదా, నాను సూడనేదనుకున్నావేటి?"

నా సంచీ బోర్లించి మాత్రల అట్ట తీసుకుంది. ఆటోలో అవి దేనికో నా చేత చెప్పించి, టెక్కలి ఆసుపత్రికి తీసుకెళ్ళి, వరండాలో కూర్చున్న డాక్టరుకు అంతమంది ముందూ అట్ట ఎత్తి చూపించింది. "బాబూ, ఇది మనసుకేసుకునే మందు. ఇదే దీన్ని కాల్సేత్తంది!" నాకు సిగ్గుతో ప్రాణం పోయినంత పనైంది. ఆవిడను ఎంత తిట్టుకున్నానో! డాక్టరు మాత్రం అట్ట చూడగానే లేచి నిలబడ్డారు. ఆ మందు ఆపించి, అంబులెన్సులో పెద్దాసుపత్రికి పంపారు. ఇంకా వేసుకుంటూ పోయుంటే చర్మం ఊడొచ్చి ఊపిరికీ ముప్పొచ్చేదని అక్కడ చెప్పారు.

నెల తర్వాత ఇంటికొచ్చాను. అమ్మ ఇక మాత్రల జోలికే పోవద్దంది. పారమ్మత్తే అడ్డం పడింది.

"ఒక కూర పడనేదని అన్నం మానేత్తామేటి వదినా? డాట్రు ఇంకోటి రాత్తాడు."

రాశారు. అది పడింది. చర్మం నిలిచింది, మనసూ నిలిచింది. ఇప్పుడు అదే ఫ్యాక్టరీలో సూపర్‌వైజర్ని నేనే.

ఆవిడ పోయి రెండేళ్ళు. నాకు పడని మందు పేరు రాసిన చీటీ ఎప్పుడూ పర్సులో ఉంటుంది. నిన్న మందుల షాపు జనంతో కిక్కిరిసి ఉంది. అయినా డాక్టరు రాసిన కాగితం ఇచ్చి, ఆ చీటీ ఎత్తి చూపించి గట్టిగా అన్నాను: "మనసుకేసుకునే మందులు కావాలి. ఇది మాత్రం నాకు పడదు." కొందరు తిరిగి చూశారు. చూస్తే చూడనీ. మంచినీళ్ళ సీసా తీసి, గోడవైపు తిరగకుండా, అక్కడే ఒక మాత్ర వేసుకున్నాను.