వంద దాటాక మరో మూడు రోజులు

రెండు వారాల క్రితం ఓ ఆదివారం పొద్దున మా పెదనాన్న పోయాడని కబురొచ్చింది. టీ తాగి, గ్లాసు కింద పెట్టి, మంచం మీద వాలాడట, అంతే. ఎవరి చేతా చేయించుకోకుండా వెళ్లాడని అందరూ అన్నారు. నాకు మాత్రం ఒకటే బాధ. ఆయన్ని ఒక మాట అడగాల్సింది, అడగలేకపోయాను.

నేను గుంటూరులో సాఫ్ట్‌వేర్ పని చేస్తాను. రెండేళ్ల క్రితం ఓ చిన్న కోడ్ లైబ్రరీ రాశాను. ఒక పని ఎప్పుడు మొదలైంది, ఎప్పటికి ముగియాలి అని చెబితే, ఇప్పటికి ఎంత శాతం సమయం గడిచిందో చెబుతుంది. పట్టుమని వంద లైన్లు లేవు. ఆఫీసులో దాన్నెవరూ లెక్కచేయలేదు. ప్రత్తిపాడు దగ్గర మూడెకరాల మిరప వేసే పెదనాన్న లెక్కచేశాడు. దాంతో ఆయనకో యాప్ చేసిచ్చాను. కళ్లంలో కాయలు ఆరబోసిన రోజు మొదలుపెడితే పన్నెండు రోజులకు వంద వస్తుంది. ఫోను దుమ్ము పట్టకుండా విత్తనాల కవరులో చుట్టి జేబులో పెట్టుకునేవాడు. దారినపోయేవాళ్లను ఆపి మరీ తీసి చూపించేవాడు. "మా అమ్మాయి చేసింది. నలభై రెండయింది చూడు!"

ఓసారి మాత్రం అడిగాడు. "రాత్రిళ్లు కూడా పెరుగుతోందేంటమ్మా ఇది? అప్పుడు ఎండేదీ?"

"అవన్నీ కలిపే లెక్కేశాను పెదనాన్నా" అన్నాను, కాస్త చిరాగ్గానే.

"సరేలే. టైము గడవటం వేరు, కాయ ఎండటం వేరు" అన్నాడు. ఆయనెప్పుడూ అంతే, చెప్పి వదిలేసేవాడు. రెట్టించేవాడు కాదు.

ఈ ఏడు కోతలప్పుడు ముసురు పట్టింది. మూడు రోజులు కాయల మీద టార్పాలిన్లు కప్పే ఉంచారు. నా లైబ్రరీకి అదేం తెలుసు? దాని పాటికి అది లెక్కపెట్టుకుంటూ పోయింది. ఆ యాప్ నా ఫోనులోనూ ఉంది, అందులో చూసి ఆఫీసు నుంచే చెప్పాను. "వందొచ్చేసింది పెదనాన్నా, బస్తాలకెత్తించెయ్."

"అట్టాగేనమ్మా" అన్నాడు.

వారం తర్వాత గాని నాకు వెలగలేదు. తడారని కాయ బస్తాలో పడితే బూజు పడుతుంది, ఏడాది కష్టం మట్టిపాలవుతుంది. కప్పి ఉంచిన గంటల్ని వదిలేసేలా కోడ్ దిద్దాను. ఆయన్ని అడిగే ధైర్యం మాత్రం రాలేదు. ఆయనా ఆ మాట ఎత్తలేదు. ఎప్పుడు ఫోన్ చేసినా "అన్నం తిన్నావా?" అనేవాడు. తిట్టినా బాగుండేది.

పెద్దకర్మ అయిన మర్నాడు ఉండబట్టలేక పెద్దమ్మను అడిగేశాను. "ఆ కాయలు పాడయ్యాయా పెద్దమ్మా, నా వల్ల?"

పెద్దమ్మ కళ్లు తుడుచుకుని నవ్వింది. "పాడవడమేంటే పిచ్చిదానా! నువ్వు ఫోను పెట్టెయ్యగానే మీ పెదనాన్న కళ్లంలోకెళ్లి గుప్పెడు కాయలు పిసికి చూశాడు. మెత్తగా ఉన్నాయన్నాడు. ఇంకో మూడు రోజులు ఎండబెట్టాకే ఎత్తించాడు. 'అమ్మాయికి చెప్పమాక, చిన్నబుచ్చుకుంటది. దాని వంద దాన్ని వేసుకోనీ, మనం నూటపాతిక దాకా ఎండబెడదాం' అన్నాడు."

అక్కడే కూర్చుని ఏడ్చేశాను. ఆయన పోయిన రోజు కూడా అంత హాయిగా ఏడవలేదు.

బయల్దేరుతుంటే పెద్దమ్మ ఓ గుడ్డసంచి నిండా ఆ కాయలే పోసిచ్చింది. నా కారానికని ఆయనే విడిగా తీసిపెట్టాడట. ఆటోలో ఒళ్లో పెట్టుకున్నాను. రోడ్డు గతుకుల్లో పడ్డప్పుడల్లా లోపల గింజలు గలగలమన్నాయి. గుంటూరు దాకా వింటూ వచ్చాను.