కొమురన్న బిళ్ళ

నిన్న పొద్దున స్కూల్లో ఉండగా సలీం భాయ్ ఫోన్ చేశాడు.

"సార్, కొమురన్నకు షాక్ కొట్టింది."

నేను నవ్వాను.

నిజంగానే నవ్వాను. పాత రేడియోలు, యాంప్లిఫయర్లు బాగుచేసుకునే మా నలుగురి గ్రూపులో ఆ మాట వారానికోసారి వినబడేదే. ఎవరికి షాక్ కొట్టినా మెసేజ్ పెట్టడం, మిగతావాళ్లం నవ్వే బొమ్మలు పెట్టడం. "ఈసారి ఎంత దూరం ఎగిరిపడ్డాడు?" అని అడగబోయాను కూడా.

సలీం భాయ్ ఏడుస్తున్నాడు.

"నవ్వకు సార్. అన్న లేడు. దవాఖానకు తీస్కపోయేసరికే అయిపోయింది."

క్లాసులోకి తిరిగి వెళ్లి బోర్డు మీద సగం లెక్క చేశాను. మిగతా సగం ఏమైందో నాకు గుర్తు లేదు.

కొమురన్న గోదావరిఖనిలో గని ఎలక్ట్రీషియన్. ఇరవై ఏళ్లకు పైగా భూమి లోపల కరెంటు పని. డ్యూటీ దిగి స్నానం చేసి, క్వార్టర్ వరండాలో మళ్లీ కరెంటు ముందే కూర్చునేవాడు. చచ్చిపోయిందనుకున్న రేడియో ఒక్కసారి గరగరమంటే చాలు, ఆ రోజు అన్నం కూడా అక్కర్లేదు.

సెట్టు విప్పితే ఎడమ చెయ్యి నడుము వెనక పెట్టుకునేవాడు. రెండు చేతులూ లోపల ఉంటే కరెంటు గుండె మీదుగా పోతుందని భయం. స్వరూప వదిన ఆటపట్టించేది.

"మీ అన్నకు దేవుడు ఒక్కటే చెయ్యి ఇచ్చిండు సార్. చాయ్ కూడ నేనే నోటికాడ పెట్టాలె."

అన్న దగ్గర ఒక ఇత్తడి బిళ్ళ ఉండేది. మూతపడిన పాత గనిలో ఆయన నంబరు బిళ్ళ.

ఆ గనిలో రిపేరుకు వెళ్లేవాడు స్విచ్చు ఆపి, తన బిళ్ళ దానికి తగిలించి పోయేవాడట. ఆ మనిషే వచ్చి తీసేదాకా మేనేజరైనా ఆ స్విచ్చు ముట్టకూడదు. అన్న ఇంట్లోనూ అదే పద్ధతి. హాల్లో స్విచ్చు ఆపి, బిళ్ళ తగిలించి, వరండాలో సెట్టు విప్పేవాడు. ప్లగ్గు పీకేవాడు కాదు. "బిళ్ళ ఉన్నదంటే మనిషి ఉన్నట్టే" అనేవాడు.

పెళ్లయినప్పటి నుంచి వదినకూ అదే అలవాటు. ముందు బిళ్ళ ఉందా అని చూడటం, తర్వాతే స్విచ్చు.

ఇప్పుడు నా సంగతి చెప్పాలి. చెప్పాలంటే టెన్షన్‌గా ఉంది.

పోయిన నెల నేను సెట్టులో చెయ్యి పెట్టి ఉండగా, మా ఆవిడ ఫోన్ ఛార్జింగ్ పెట్టబోయి నా స్విచ్చు వేసింది. ఎగిరి బీరువాకు కొట్టుకున్నాను. రెండు రోజులు మోచేతి దాకా తిమ్మిరి. సిగ్గు లేకుండా దాన్నీ జోక్ చేసి గ్రూపులో పెట్టాను.

అన్న నవ్వలేదు. మర్నాడు సాయంత్రం బండి మీద గోదావరి బ్రిడ్జి దాటి నస్పూర్‌లో మా ఇంటికి వచ్చేశాడు.

"గిది నవ్వే ముచ్చటనా సార్? పోరగాండ్లకు లెక్కలు చెప్తవు, నీకు గింత తెల్వదా? నువ్వు లోపల చెయ్యి పెట్టినవని ఇంట్లోల్లకు ఎట్ల తెలుస్తది?"

జేబులోంచి బిళ్ళ తీసి నా చేతిలో పెట్టాడు.

"మరి నీకు, అన్నా?"

"నాకేం ఫికర్ లేదు. ఇంకోటి చేస్కుంట."

చేసుకోలేదు. నాకు ఇచ్చిన సంగతి వదినకు చెప్పనూ లేదు.

నేనేమో దాన్ని ఒక్కసారి కూడా తగిలించలేదు. టేబుల్ సొరుగులో పడేశాను.

నిన్న అన్నకు ప్లేడే, డ్యూటీ లేదు. స్విచ్చు ఆపి, టెస్టర్ పెట్టి చూసుకుని, కరెంటు లేదన్న ధైర్యంతో రెండు చేతులూ పెట్టినట్టున్నాడు. బిళ్ళ కనబడకపోవడంతో వదిన మిక్సీ కోసం అదే స్విచ్చు వేసింది.

మధ్యాహ్నం నేను వెళ్లేసరికి అన్నను హాల్లో పడుకోబెట్టారు. వదిన ఆయన పక్కన లేదు. స్విచ్ బోర్డు కింద నేల మీద కూర్చుని, చెప్పుల స్టాండు జరిపి, చీపురు పుల్లతో ఫ్రిజ్ కింద వెతుకుతోంది.

"బిళ్ళ గీడనే పడ్డది. నా కొంగు తాకే పడ్డది. నేను సూడకుంట స్విచ్ ఏసిన. నా చేతులార నేనే సంపుకున్న."

ఆడవాళ్లు పట్టుకుని లేపారు. మతి పోయిందన్నారెవరో. ఆమె మళ్లీ వెళ్లి అక్కడే కూర్చుంది.

నేను గుమ్మంలో నిలబడి ఉన్నాను. "వదినా, అది అక్కడ లేదు" అంటే చాలు. ఆమె నన్నేమంటుందోనని భయం. అంతమంది చుట్టాల ముందు దోషిలా నిలబడాలని భయం. పాడె వెంట నడిచాను, గోదావరి ఒడ్డున చివరిదాకా ఉన్నాను, అప్పుడూ చెప్పలేదు.

ఇంటికొచ్చి సొరుగు తీస్తే పైనే ఉంది.

అప్పటి నుంచి ఏ స్విచ్చు వేయాలన్నా ముందు ఇంట్లో ఎవరెక్కడున్నారో చూసి వస్తున్నాను. పక్కింట్లో మిక్సీ తిరిగినా ఉలిక్కిపడుతున్నాను. సలీం భాయ్‌కి పొద్దున్నుంచి మూడుసార్లు ఫోన్ చేశాను, ఏమీ విప్పొద్దని. ఈ పోస్టు చదువుతున్న మీకూ అదే చెప్తున్నాను. ప్లగ్గు పీకి పక్కన పెట్టాకే చెయ్యి పెట్టండి. ఎవరికైనా షాక్ కొట్టిందంటే దయచేసి నవ్వకండి. కరెంటు కొట్టి వదిలేసిన ప్రతిసారీ మనమేదో మొనగాళ్లమనుకున్నాం.

వదిన ఈ పోస్టులు చూడదు. ఎవరూ ఫోన్ చేసి చెప్పొద్దు. ఆమెకు నేనే చెప్పాలి. ముందు మీకు ఎందుకు రాశానంటే, రాయకపోతే ఈ రోజు కూడా గుమ్మం దాకా వెళ్లి తిరిగొచ్చేస్తానేమోనని.

తిట్టనీ. ఇంట్లోకి రానివ్వకపోనీ. పొద్దున ఫోన్ చేస్తే వాళ్ల చెల్లెలు చెప్పింది, వదిన ఇంకా వెతుకుతూనే ఉందట.

అన్నా, నా ప్రాణం కోసం అంత దూరం వచ్చావు. నీ ఆత్మకు నెమ్మది దొరకాలి.

బిళ్ళ జేబులో పెట్టుకున్నాను. వదిన దగ్గరికి బయలుదేరుతున్నాను.