ఆనర్స్ మేడమ్

ఫిజిక్స్ విభాగంలో గుమాస్తాగా చేరి ఇరవై రెండేళ్ళయింది; ఆవిడను అందరూ ఆనర్స్ మేడమ్ అనే పిలుస్తారు. ఆనర్స్ డిగ్రీకి ఏమేం ఉండాలో తలుపు మీద పెద్ద అక్షరాలతో రాసి అంటించింది: డెబ్బై అయిదు శాతం మార్కులు, అదనంగా రెండు ల్యాబ్ కోర్సులు, ఒక పరిశోధన వ్యాసం, దాని మీద గైడ్ సంతకం. పిల్లలు ఆ కాగితానికే వీపు ఆనించి, "మేడమ్, ఆనర్స్‌కి ఏం కావాలి?" అని అడుగుతారు. ఆవిడ కళ్ళజోడు నెత్తి మీదికి తోసి, "ముందు కళ్ళు కావాలి నాయనా" అంటుంది. విసుక్కుంటూనే ఒక్కొక్కరి ఫైలూ మొదటి నుంచి చివరిదాకా చూసిపెడుతుంది.

గడువు చివరి రోజు, మధ్యాహ్నం మూడింటికి ఒక అమ్మాయి ఏడుపు మొహంతో వచ్చింది. మార్కులున్నాయి, కోర్సులున్నాయి, సంతకం లేదు. వ్యాసం ఇచ్చి రెండు నెలలైనా ప్రొఫెసర్‌గారు రేపు రమ్మంటూనే ఉన్నారట. అయిదింటికల్లా ఫైలు వెళ్ళకపోతే పైచదువుకు వచ్చిన సీటు పోతుంది. "ఇన్నాళ్ళూ నోట్లో బెల్లంగడ్డ పెట్టుకున్నావా?" అని కసిరి, ఆవిడ ఫైలు లాక్కుని ప్రొఫెసర్ గదికి నడిచింది.

"ఇంకా చదవలేదమ్మా, రేపు చూద్దాం," అన్నారాయన.

"చదవకుండా సంతకం పెట్టమని నేననను. ఇప్పుడు చదవండి, కూర్చుంటాను," అని ఆవిడ ఎదురుగా కుర్చీ వేసుకుంది. ఆయన ఫోన్ అందుకుంటే గొంతు సవరించింది. టీకి లేవబోతే, "ఎన్నో పేజీలో ఉన్నారండీ?" అంది. అయిదుకు పది నిమిషాలుందనగా ఆయన చివరి పేజీ ముగించి సంతకం చేశారు.

"నిజంగా చాలా బాగా రాసింది," అన్నారు, కాస్త సిగ్గుపడుతూ.

"నాతో అంటే ఏం లాభమండీ? బయటే నిలబడి ఉంది. ఆ పిల్లతో చెప్పండి."