కొండ మీద నుంచి కనిపించే చెరువు

మా ఆయనకు షుగరు వచ్చిందని తేలినప్పుడు డాక్టరు రోజూ నడవమన్నాడు. మదనపల్లెలో నడవడానికి వీధులు లేవా, మైదానాలు లేవా? ఆయన కంటికి అవి ఆనలేదు. టమాటా మండీలో తనలాగే బొజ్జలు పెంచుకున్న స్నేహితులను పోగేసి, ఫోనులో ఒక గ్రూపు పెట్టి, దానికి ఫ్యామిలీ ట్రెక్కింగ్ అని పేరు తగిలించాడు. ట్రెక్కింగ్ అంటే వాళ్ళనీ, ఫ్యామిలీ అంటే కొండ కింద వంట చేసే మేమనీ నాకు మొదటి ఆదివారమే అర్థమైంది.

నడకకు ముందు సరంజామా వచ్చింది. బెంగళూరు నుంచి తెప్పించిన బూట్లు, మడిచి సంచిలో పెట్టుకునే చేతికర్రలు, వీపు సంచిలోంచి గొట్టంతో నీళ్ళు పీల్చుకునే ఏర్పాటు. మండీలో కూర్చున్న చోటికే టీ గ్లాసు తెప్పించుకునే మనిషి, ఆ గొట్టం నోట్లో పెట్టుకుని అద్దం ముందు అటూ ఇటూ తిరిగి చూసుకుంటుంటే నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఇంతా చేసి వెళ్ళేది ఎక్కడికయ్యా అంటే, పుంగనూరు దాటాక సోమల దారిలో ఉన్న ఒక కొండకు. మేకలు రోజూ ఎక్కి దిగే కొండ.

చలికాలంలో నెలకో ఆదివారం ఈ తంతు జరిగేది. తెల్లవారకముందే లేచి గ్యాస్ స్టవ్వు, సంగటి కెలికే కట్టె, నూరి పెట్టుకున్న మసాలా, ఊరుబిండి పచ్చడి డబ్బా, నీళ్ళ క్యాన్లు అన్నీ కార్లలోకి మేమే మోసేవాళ్ళం. మగవాళ్ళు బూట్ల తాళ్ళు కట్టుకునేవాళ్ళు. కొండ కింద మామిడి తోట దగ్గర దిగగానే ఒక ఫోటో తీసుకుని, కర్రలు టకటకలాడించుకుంటూ పైకి పోయేవాళ్ళు. మేము కోడి కడిగి, రాగి సంగటి కెలికి, ముద్దలు కట్టి, వాటి మీద మూత పెట్టి, కోతులను తోలుతూ కూర్చునేవాళ్ళం. మధ్యాహ్నానికి వాళ్ళు దిగివచ్చి, మేమేదో చేశామని కాదు, తామేదో చేశామని తిని, కార్లలో నిద్రపోయేవాళ్ళు. ఆ రాత్రి గ్రూపులో ఫోటోలు పడేవి. అన్నిట్లోనూ వాళ్ళ మొహాలే, వెనకాల కాస్త ఆకాశం.

నేను కూడా పైకి వస్తానని ఒకసారి అన్నాను.

"యాల మే నీకు? ఆయాసమొస్తాది. పైగా ఆ పక్క ఏనుగులు తిరగతాండాయంట," అన్నాడాయన.

నాకు కొండ ఎక్కాలన్న సరదా ఏమీ లేదు. నేను పుట్టింది సోమల పక్క పల్లెలో. ఈ కొండ ఎక్కి అవతలికి చూస్తే మా ఊరి చెరువు కనిపిస్తుందని మొదటిసారి దిగివచ్చినప్పుడు ఆయనే చెప్పాడు. ఆ చెరువు నిండి మరవ పారిందంటే, అంటే కట్ట చివరి రాతి గోడ మీదుగా నీళ్ళు పొర్లాయంటే, మా ఊళ్ళో పిల్లా జెల్లా అందరూ అక్కడే ఉండేవాళ్ళు. మా అమ్మ కూడా కొంగు దోపుకుని ఆ నీళ్ళలో నిలబడేది. అమ్మ పోయాక మా అన్న భూమి అమ్మేసి పలమనేరులో కాపురం పెట్టాడు. ఆ ఊళ్ళో ఇప్పుడు నన్ను రమ్మనే గడప లేదు. ఇక నాకు పుట్టిల్లంటే ఆ చెరువు కబురొక్కటే మిగిలింది.

అందుకని ఆయన దిగి రాగానే మజ్జిగ గ్లాసు చేతికిచ్చి అడిగేదాన్ని. నిండుగా ఉందని ఒక ఏడు, మరవ పారుతోందని ఒక ఏడు, అడుగంటిందని ఒక ఏడు చెప్పాడు. నిండిందన్న రోజు సంగటి ముద్ద ఇంకొకటి వేసేదాన్ని. అడుగంటిందన్న రోజు నాకు అన్నం సహించేది కాదు. ఆయన మీద నాకు ఏ కొంచెమైనా మర్యాద మిగిలి ఉందంటే అది ఆ కబురు వల్లనే.

పోయిన చలికాలం మా కోడలు మొదటిసారి మాతో వచ్చింది. కుప్పం పిల్ల, అంగళ్లులో ఇంజనీరింగ్ కాలేజీలో పాఠాలు చెబుతుంది. గబగబా ముద్దలు కట్టేసి, చేతులు కడుక్కుని నా వైపు తిరిగింది.

"అత్తా, మీరు ఎప్పుడూ పైకి పోలేదా?"

"ఏనుగులు ఉండాయంట గదమ్మా."

ఆ పిల్ల పకపకా నవ్వింది. "మా కుప్పంలో అయితే రాగి చేలల్లోకి వస్తాయి, సరే. ఈ కొండకు ఏం తినడానికి వస్తాయి అత్తా, ఈ రాతి గుండ్లా? లేయండి, పోదాము రాండి."

మిగిలిన ఆడవాళ్ళకు కోతుల కాపలా అప్పగించి బయలుదేరాం. నా కాళ్ళకు రబ్బరు చెప్పులే. దారి బాగానే ఉంది. సీతాఫలం పొదల మధ్య మేకలు తొక్కిన బాట. ఆయాసం వచ్చిన చోట నిలబడి కోడలికి చెరువు సంగతి చెప్పాను, తగ్గాక నడిచాను. ఇందులో ఇంత బ్రహ్మవిద్య ఏముందో నాకైతే తెలియలేదు.

సగం కొండ ఎక్కామో లేదో, పెద్ద గుండు ఒకటి ఎదురైంది. దాని నీడలో మా మగవాళ్ళు. దుప్పటి పరిచి పేకాట ఆడుతున్నారు. కర్రలు ఒక మూల కట్టెల మోపులా పడి ఉన్నాయి. బూట్లు విప్పి వరసగా పెట్టారు, పెళ్ళింటి వాకిట్లో లాగా. మా ఆయన ఆటలో కూడా లేడు. టోపీ మొహం మీద బోర్లించుకుని, ఆ నీళ్ళ గొట్టం భుజం మీద వేలాడుతుండగా గురక పెడుతున్నాడు. పైకి పోయే బాటను ఆ గుండు దగ్గర నుంచి గడ్డి మూసేసింది. అక్కడి నుంచి పైకి మేకలు తప్ప ఎవరూ పోలేదని చూస్తేనే తెలుస్తోంది.

కోడలు లేపబోయింది. చేయి పట్టుకుని ఆపాను. గుండు వెనక నుంచి చప్పుడు కాకుండా దాటి పైకి పోయాం.

కొండ మీద గాలి బాగా వీస్తోంది. పుంగనూరు ఇళ్ళు చిన్నచిన్నగా కనిపించాయి. నేను అటు చూడలేదు. గబగబా సోమల వైపు అంచుకు పోయాను. ఎదురుగా ఇంకో కొండ, దీనికంటే ఎత్తయినది, అడ్డంగా నిలబడి ఉంది.

"అదా అత్తా?" అని కోడలు పక్కకు చూపింది. అది టమాటా చేలో పరిచిన ప్లాస్టిక్ పట్టా, ఎండకు నీళ్ళలా మెరుస్తోంది. అటు నడిచాను, ఇటు నడిచాను, రాయెక్కి చూశాను. చెరువు కాదు కదా, చెంబెడు నీళ్ళు కూడా కనిపించలేదు. నా ఒళ్ళంతా మండిపోయింది. నేను సంతోషపడిన ఏడూ, అన్నం మానేసిన ఏడూ ఈ మనిషి ఆ దుప్పటి మీద నిద్ర లేచి, ఆవలించి, నోటికొచ్చింది చెప్పాడన్నమాట.

దిగేటప్పుడు కోడలు మెల్లగా అంది. "మామ మిమ్మల్ని సంతోషపెట్టడానికి చెప్పినారేమో అత్తా."

"నన్ను సంతోషపెట్టాలంటే స్కూటరు మీద ఎక్కించుకుని సోమలకు తీసకపోతే సాలు గదమ్మా. దానికి అబద్ధం యాల?"

మేము వచ్చి కూర్చున్న చాలాసేపటికి వాళ్ళు దిగారు. ఆ రొప్పడం చూడాలి! ఒకాయన నడుం పట్టుకున్నాడు, ఇంకొకాయన మొహాన నీళ్ళు చల్లుకున్నాడు. మా ఆయన కర్రకు ఆనుకుని నిలబడి చేయి చాపాడు. మజ్జిగ ఇచ్చాను. ఎప్పటిలాగే అడిగాను.

"మా చెరువు చూసినారా?"

"చూడకుండా వస్తానా? సగానికే ఉండాది మే. ఈ ఏడు వానల్యావు గదా," అన్నాడు, నా మీద జాలి కూడా పడుతూ.

వానలు తక్కువని గుర్తుపెట్టుకుని మరీ సగం చేశాడు. మండీలో పెట్టె అడుగున పుచ్చిన కాయలు వేసి పైన మంచివి పేర్చడం అలవాటైన చేయి. కోడలు నా మొహం చూసి తల తిప్పుకుంది. నేను అందరికీ వడ్డించాను.

మర్నాడు ఆయన మండీకి పోయాక చెప్పులేసుకుని బస్టాండుకు పోయాను. పుంగనూరులో దిగి సోమల బస్సెక్కాను. ఇన్నేళ్ళుగా నేను ఆయన కళ్ళతో చూస్తూ వచ్చిన ఊరు, కిటికీ పక్కన కూర్చుంటే చేరిపోయే దూరంలో ఉంది. రమ్మనే గడప లేకపోతే ఏం, చెరువు కట్టకు గడప అక్కర్లేదు కదా. ఇది ఇంతకాలం తట్టనందుకు ఆయనను తిట్టినన్ని తిట్లూ బస్సులో నన్ను నేను తిట్టుకున్నాను.

కట్ట ఎక్కకముందే చప్పుడు వినిపించింది. వానలు లేకపోయినా పైనుంచి కాలువ నీళ్ళు వదిలారట, పశువులు తోలుకుపోతున్న ఒకామె చెప్పింది. చెరువు అంచుల దాకా నిండి ఉంది. మరవ పారుతోంది. చీర కుచ్చెళ్ళు పైకి దోపుకుని ఆ రాతి గోడ కింద, మా అమ్మ నిలబడే చోటనే నిలబడ్డాను. నీళ్ళు చీలమండలు దాటి లాగుతున్నాయి. చాలాసేపు ఏడ్చాను, ఎవరూ చూడటం లేదు కాబట్టి బాగా గట్టిగానే ఏడ్చాను.

తర్వాత ఫోను తీసి ఆయనకు చేశాను. అవతల వేలంపాట కేకలు.

"యాడుండావు మే? ఇంటికి తాళం ఏసుండాదంట?"

"మా చెరువు కాడ. సగం లేదు, నిండి మరవ పారతాండాది."

ఇప్పుడైనా ఒప్పుకుంటాడని, ఒక్క మాట అంటాడని ఎదురుచూశాను. గొంతు సవరించుకున్నాడు.

"నిన్న నేను చూసినప్పుడు సగమే ఉండాది మే. రాత్రికి రాత్రి వచ్చుంటాయి నీళ్ళు."

ఫోనును పారే నీళ్ళ దగ్గరికి వంచి, ఆయన పెట్టేసేదాకా అలాగే పట్టుకున్నాను.