ప్యానెళ్ళకు పసుపు

బ్యాటరీ లేకుండా ఇన్వర్టర్ నడుస్తుందంటే మొదట నేనే నమ్మలేదు. బడిలో పిల్లలకు సైన్సు చెప్పేదాన్ని, అయినా ఇన్వర్టర్ అంటే బ్యాటరీ పక్కన కూర్చునే పెట్టె అనే నాకు తెలుసు. తిరుపతిలో షాపతను మాత్రం, "ఎండ ఉన్నంతసేపు నడస్తాది మేడం. ఎండ పోతే ఇదీ పోతాది. దాచిపెట్టుకునేది ఏమీ ఉండదు" అన్నాడు. ఇంటికొచ్చి ఆ మాట చెబితే అమ్మ, "దీపం ఉండంగానే ఇల్లు సక్కబెట్టుకోవల్ల, అంతే గదా" అని తేల్చేసింది. నేను వారం రోజులు పుస్తకాలు తిరగేసి తెలుసుకున్నదీ అంతే.

కొన్నది అమ్మ గ్రైండరు కోసం. వడమాలపేట దగ్గర మా మామిడితోటలో రెండు గదుల ఇల్లుంది. కరెంటు స్తంభాలు తారురోడ్డు దాకా వచ్చి ఆగిపోయాయి. నాయన పోయాక కూడా అమ్మ ఆ ఇల్లు వదలనంది. దోసెపిండి రుబ్బి ఊళ్ళో ఇళ్ళకు పోస్తానంది. చిత్తూరులో ఉండే అన్న ఒప్పుకోలేదు. "ఈ వయసులో నీకెందుకుమా ఈ కష్టం? వచ్చి నా దగ్గర కూర్చో" అని ఒకటే పోరు. కూర్చోవడమే మా అమ్మకు చేతకాని పని. ఆఖరికి అన్న ఒక గడువు పెట్టాడు. దసరా మరుసటి రోజు వస్తాడట, గ్రైండరు తిరుగుతుంటే సరే, లేకపోతే అమ్మను వెంట తీసుకుపోతాడట. నాకు ఒళ్ళు మండింది. అమ్మ మాత్రం "రానీ, సూస్తాడులే" అంది.

ఇంటి పక్కన నడుమెత్తు ఇనుప స్టాండు మీద నాలుగు సోలార్ ప్యానెళ్ళు పెట్టించాం. ఆ ఇన్వర్టర్ పెట్టె గుణం కనిపెట్టడం నాకు పెద్ద ఆట అయిపోయింది. ఆ క్షణాన ఎంత కరెంటు వస్తోందో దాని ముఖాన ఒక అంకె చూపిస్తుంది. సెలవొస్తే కాగితం, పెన్నూ పట్టుకుని దాని ముందు కూర్చునేదాన్ని. చిన్న మబ్బుతునక సూర్యుడికి అడ్డమొచ్చిందంటే అంకె దబ్బున పడిపోయేది. గ్రైండరు మూలిగి ఆగేది, పెట్టె కీచుమని అరిచేది. గ్రైండరు మొదలయ్యేటప్పుడు ఎక్కువ లాగుతుంది, తిరగడం అలవాటయ్యాక తక్కువ చాలు. దీన్ని నేను బోర్డు మీద గీతలు గీసి చెప్పగలను. అమ్మ ఏ గీతా లేకుండానే కనిపెట్టింది. ముందు ఉత్త రాయిని తిప్పి, ఆ తర్వాతే ఉద్దిపప్పు గుప్పెడు గుప్పెడుగా వేసేది.

ఇంకో సంగతి. స్విచ్ వేసే ముందు వాకిట్లోకి వచ్చి తన నీడ చూసుకునేది. "నీడ నల్లగా ఉండాది, ఏసుకోవచ్చు" అనేది. నీడ అంచు మసగ్గా ఉంటే ఆగేది. నేను లోపలికెళ్ళి అంకె చూసి వచ్చేలోపే ఆమె లెక్క తేలిపోయేది. నిజం చెప్పొద్దూ, నాకు కాస్త ఉడుకుమోత్తనం వచ్చేది.

ఆయుధపూజ నాడు కత్తిపీట, గడ్డపార, నా స్కూటరు, గ్రైండరు, అన్నీ కడిగిపెట్టాం. నాయన పోయి రెండేళ్ళు. అప్పటినుంచీ అమ్మ దేనికీ బొట్టు పెట్టదు, పూజ దగ్గర తనే పక్కకు తప్పుకుంటుంది. ఆ రోజు పసుపు గిన్నె ఆమె చేతికిచ్చి, "వీటితో పని చేసేది నువ్వు. నువ్వే పెట్టుమా" అన్నాను. "నేనా?" అని గిన్నె వంక చాలాసేపు చూసింది. ఆ తర్వాత ఎంత శ్రద్ధగా పెట్టిందో! ప్యానెళ్ళ దగ్గరికి వచ్చేసరికి గడపకు రాసినట్టు కింది అంచు పొడవునా నాలుగు వేళ్ళ వెడల్పున పసుపు మెత్తి, దాని మీద వరసగా కుంకుమ బొట్లు దిద్దింది. నాకు కడుపు నిండినట్టయింది. ఫోటో కూడా తీసుకున్నాను.

ఆ రోజూ, దసరా నాడూ రుబ్బలేదు. మరుసటి రోజు పొద్దున పదింటికి అన్న బస్సు దిగి వచ్చాడు. ఎండ పెళపెళలాడుతోంది. అమ్మ నీడ చూసుకుని స్విచ్ వేసింది. గ్రైండరు ఒక చుట్టు తిరిగి ఆగిపోయింది. మళ్ళీ వేసింది, మళ్ళీ ఆగింది.

నేను వైర్లు లాగి చూశాను, స్క్రూలు బిగించాను, ప్లగ్గు మార్చాను. గ్రైండరునే నాలుగు తిట్టాను. "ఆడలేక మద్దెల ఓడు అన్నట్టుండాది మే నీ కథ" అని అన్న నవ్వాడు. అమ్మ లోపలికెళ్ళి చీరలు మడతపెట్టి సంచిలో పెట్టుకోవడం మొదలెట్టింది. అది చూసి నాకు ఏడుపొచ్చింది.

అంకె చూస్తే రోజూ వచ్చేదాంట్లో సగం కూడా లేదు. ఎండ ఉంది, అంకె లేదు. అయితే సంగతి ప్యానెళ్ళ దగ్గరే ఉంది. అన్నను పెట్టె ముందు నిలబెట్టి, అంకె మారితే అరవమన్నాను. ప్యానెళ్ళ మీద దుమ్ము దులిపాను. "అంతే ఉండాది" అని అరిచాడు. పై మూల అరచెయ్యి అడ్డం పెట్టాను. మామూలుగా ఆమాత్రం నీడకే అంకె తగ్గాలి. "అంతే ఉండాది!" అన్నాడు మళ్ళీ.

అక్కడ ఆగిపోయాను. అడ్డం పెట్టినా తగ్గలేదంటే, అంతకంటే పెద్ద అడ్డం ముందే ఉందన్నమాట. ప్యానెల్లో గళ్ళన్నీ ఒకదాని చెయ్యి ఒకటి పట్టుకుని నిలబడ్డ వరసలు. ఒక్క గడికి ఎండ తగలకపోయినా వరసంతా దానితోపాటే కుంటుతుంది. కింద ఒక్కో గడినీ వదలకుండా అమ్మ పసుపు రాసింది.

తడిగుడ్డ తెచ్చి వంగాను. చెయ్యి ఆడలేదు. రెండేళ్ళకు అమ్మ పెట్టిన మొదటి బొట్లు అవి. పెట్టమన్నది నేనే. "తుడిచెయ్ మే, ఇంకేంది ఆలోచన?" అన్నాడు అన్న, బయటికొచ్చి నా వెనక నిలబడి.

అమ్మ ఎప్పుడొచ్చిందో, నా చేతిలోంచి గుడ్డ తీసుకుంది. "నాకు తుడిచిన పొద్దు ఎవురన్నా ఇట్ల చెయ్యాడక నిలబడినారా?" అంది. కోపంగా కాదు, మామూలుగానే అంది. తానే నాలుగు ప్యానెళ్ళూ ఒకటొకటిగా తుడుచుకుంటూ పోయింది. అన్న తల వంచుకున్నాడు.

గ్రైండరు తిరిగింది. మధ్యాహ్నానికి పిండి అయిపోయింది. సాయంత్రం బస్సుకు అన్న ఒక్కడే వెళ్ళాడు. అతన్ని స్కూటరు మీద రోడ్డు దాకా దించి వస్తూ దారంతా అతన్నే తిట్టుకోవాలని చూశాను, కుదరలేదు. అమ్మకు బొట్టు తుడిచిన రోజు నేనూ అక్కడే ఉన్నాను. చెంబుతో నీళ్ళు అందించింది నేనే.