లెక్కల అత్త తెలియదన్న రోజు

మొన్న మా మనవరాలు లెక్కల పుస్తకం తెచ్చి, "మూడు సహజ సంఖ్య గదా అవ్వా, మళ్లీ అకరణీయ సంఖ్య గూడా ఎట్లయితాది?" అని అడిగింది. భిన్నంగా రాయగలిగిన ప్రతిదీ అకరణీయ సంఖ్యేనని, మూడు కింద ఒకటి వేసి చూపించాను. పిల్ల తృప్తిపడి ఆటకు పోయింది. నాకు మా మేనత్త గుర్తొచ్చి, పొయ్యి మీద పాలు పొంగిపోయాయి.

డెబ్బైల చివర్లో అత్త పలమనేరులో ఒక ఆడపిల్లల బడిలో లెక్కల టీచరు. ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. నేను ఆమె ఇంట్లోనే ఉండి ఆమె తరగతిలోనే చదివేదాన్ని. నోరుజారి బడిలో "అత్తా" అంటే తరగతంతా నవ్వేది. ఆమె కూడా పెదవి బిగబట్టి నవ్వాపుకునేది. చలిపొద్దుల్లో శాలువా మీద సుద్దపొడి రాలుతుండగా, భిన్నాల సంగతి ఇంటి చుట్టాల సంగతిలా చెప్పేది. ఇన్‌స్పెక్టరు వచ్చి వెనక బెంచీలో కూర్చున్న రోజు అదే పాఠం. ప్రతి సహజ సంఖ్యా అకరణీయ సంఖ్యేనని, ఏ రెండు అకరణీయ సంఖ్యల మధ్యనైనా ఇంకొకటి ఉంటుందని అత్త చెప్పి ముగించబోతుంటే నా పక్క పిల్ల లేచింది. "అట్లయితే టీచర్, సహజ సంఖ్యల కన్నా ఇవే ఎక్కువుండాయా?" అత్త ఔననబోయి ఆగిపోయింది. సుద్దముక్క చేతిలో తిప్పుతూ కాసేపు నిలబడింది. "రెండిటికీ అంతం లేదు గదమ్మా. ఏది ఎక్కువో నాకు తెల్దు. కనుక్కోని చెప్తా."

ఇన్‌స్పెక్టరు ఏదో రాసుకున్నాడు. ఆయన వెళ్లాక హెడ్మిస్ట్రెస్ తల పట్టుకుంది. "ఔనని చెప్పి పోనియ్యకూడదా? ఆ పిల్లకు తెలుస్తాదా, ఆయనకు తెలుస్తాదా?" అత్త ఆదివారం నన్ను వెంటబెట్టుకుని తిరుపతి బస్సెక్కింది. ఆమెకు కాలేజీలో పాఠం చెప్పిన పెద్దాయన తన ఇంటి అరుగు మీద సుద్దతో గళ్లు గీసి, భిన్నాలను వరసగా నింపి, ఒక మూల నుంచి ఏటవాలుగా లెక్కపెట్టుకుంటూ పోయాడు. "ఒక్కో భిన్నానికీ ఒక్కో సహజ సంఖ్య జత కుదిరితే చాలమ్మా, రెండూ సమానమే." అత్త ఒప్పుకోలేదు. లోపల అన్నం చల్లారిపోతున్నా వాదించింది. తిరుగు బస్సులో చిత్తూరు దాటాక ఉన్నట్టుండి నవ్వి, "నిజమేనే" అంది.

సోమవారం నల్లబల్ల నిండా గళ్లు గీసింది. ముందు ధనసంఖ్యలే చూద్దామంది. ఒకటి బై ఒకటి మొదటిది, రెండు బై ఒకటి రెండోది, ఒకటి బై రెండు మూడోది. రెండు బై రెండు మళ్లీ ఒకటే కాబట్టి కొట్టేసింది. అట్లా పోతుంటే ఏ భిన్నానికైనా ఎప్పుడో ఒకప్పుడు వంతు వస్తుందని మాకే తెలిసిపోయింది. "సమానమేనా టీచర్?" అంది ఆ పిల్ల, నమ్మలేక. "సమానమేనమ్మా. నాక్కూడా ముందు నమ్మబుద్ధి కాలే."

ఇన్‌స్పెక్టరు రాసిన మాటల వల్ల అత్త ఉద్యోగం ఖాయం కావడం ఏడాది వెనక్కిపోయింది. మా నాయన బాధపడితే, "ఏడాదే గదన్నా" అనేసింది. ఆ ఏడాది ఎట్లా గడిచిందో ఇప్పుడు మా ఇంట్లో ఎవరికీ గుర్తు లేదు. ఔననకుండా ఆమె నిలబడిన ఆ కాసేపు మాత్రం నా వయసుతోపాటు పెరుగుతూనే ఉంది.