చొక్కాను బట్టి మనిషి

మా మామయ్యకు మనుషుల మొహాలు గుర్తుండవు. వాళ్ళ ఒంటిమీది గుడ్డ మాత్రం చచ్చినా మరిచిపోడు. మ్యూజియంలో పాత అద్దకం గుడ్డల నమూనాలకు ముప్పై ఏళ్ళుగా ఆయనే కాపలా. వందేళ్ళ కిందటి ముక్కను చూసి, "అచ్చు కాస్త పక్కకు జరిగింది, పాపం" అని నిన్న జరిగినట్టే బాధపడతాడు.

ఓసారి అత్తయ్య కొత్త చీర కట్టుకుని ఎదురొస్తే, "ఎవరు కావాలమ్మా?" అని లేచి నిలబడ్డాడట.

"ఈ ఇంటాయన కావాలి. ఉన్నాడేమో చూసి చెప్పండి" అందట అత్తయ్య.

ఎందుకూ పనికిరాని నన్ను ఆయన చేతికింద పెట్టించింది మా అమ్మ. విడి ముక్కలను పుస్తకంలో అంటించే నలుగురిలో నేనొకణ్ణి. మూడు నెలలకే నాకు అన్నీ తెలిసిపోయాయి. అదే కొంప ముంచింది. రంగు గాఢంగా ఉన్నదే ముందువైపు అని సొంతంగా ఓ సూత్రం కనిపెట్టి, నలభై ముక్కలు చకచకా అంటించేశాను. ఏళ్ళ తరబడి వెలుతురు తగిలి ముందువైపే వెలిసిపోతుందన్న సంగతి నా బుర్రకు తడితే కదా! నలభైకీ మొహాన జిగురు పూసి పేజీకేసి నొక్కేశాను.

మర్నాడు పైఅధికారి పుస్తకం తెరిచి మండిపడ్డాడు. "ఎవడు చేశాడీ పని? వాణ్ణి ఇవాళే ఇంటికి పంపిస్తా!"

నాకు దొరక్క దొరక్క దొరికిన ఉద్యోగం అది. ఒప్పుకుందామని నోరు తెరవబోయి, మామయ్య వెనక్కి నక్కాను.

మామయ్య కళ్ళజోడు తుడుచుకున్నాడు. "అంటిస్తుంటే చూశానండీ. మొహం గుర్తులేదు."

"పోనీ, చొక్కా?"

"ఆ, అది గుర్తుంది. తెల్లటి గుడ్డ మీద చిలకపచ్చ తీగలు, మధ్యమధ్య ఎర్ర చుక్కలు."

అధికారి తలదించి తన చొక్కా చూసుకున్నాడు. నేనూ చూశాను. తీగలున్నాయి, చుక్కలూ ఉన్నాయి.

"అంటే, నేనంటారా?"

"అయ్యో, అంతమాటా! మొహం గుర్తులేదన్నానుగా."

ఇంకాస్త గుచ్చి అడిగితే తన ఉద్యోగానికే ఎసరొచ్చేలా ఉందనుకున్నాడేమో, "నెలాఖరుకల్లా సరిచేయించండి" అని గొణిగి వెళ్ళిపోయాడు.

"మామయ్యా, నిజంగా నన్ను గుర్తుపట్టలేదా?" అన్నాను.

"నిన్నా? పొద్దుట్నించి మెతుకు ముట్టలేదని నీ మొహమే చెబుతోంది కదరా! ముందెళ్ళి తిను. వచ్చేటప్పుడు తడిగుడ్డ పట్టుకురా, నలభై ఊడదీయాలి."

నాకు ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి. నెలంతా పక్కన కూర్చుని ఊడదీయడం నేర్పించాడు. అయినా రెండు ముక్కలు చింపాను. వాటి కింద "నా చేతిలో చిరిగినవి" అని రాసి, మామయ్య తన సంతకం పెట్టాడు.